ఆపేసిన పందెం

(వరండా కబుర్లు)

అమెరికా వెళ్ళి వచ్చినవాళ్ళను మన టౌన్‌షిప్‌లో మొట్టమొదట అడిగేది "నయాగరా చూశారా?" అని. పోయిన ఏడాది మా అమ్మాయి దగ్గర నాలుగు నెలలుండి వచ్చిన మమ్మల్నీ అందరూ అదే అడిగారు. మా ఆవిడ చూశామని చెప్పి ఫోటోలు బయటికి తీస్తుంది. నేను మాత్రం "నయాగరా సరేగానీ, దానికంటే పెద్ద వింత ఒకటి చూశాను. మైలున్నర చుట్టు ఉన్న తారు బాణలి!" అంటాను. "మొదలెట్టారా!" అంటుంది మా ఆవిడ. ఇంట్లో వినేవాళ్ళు లేరు కనుక ఈసారి మీకు చెబుతున్నాను. పేజీ నాది, ఓపిక మీది.

మా అమ్మాయి వాళ్ళుండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. అక్కడ తెలుగువాళ్ళకూ కొదవలేదు, గోంగూరకూ కొదవలేదు. తోరణగల్లులో మనకు దొరకని రకం ఆవకాయ కూడా అక్కడ దొరికింది! ఒక శనివారం మా అల్లుడు "మామయ్యగారూ, మా ఆఫీసులో ఒకతను రేసు ట్రాకు మీద కారు నడపడానికి డబ్బు కట్టాడు. చూడ్డానికి వెళ్తున్నాం, వస్తారా?" అన్నాడు. అక్కడ పందెం లేని రోజుల్లో మామూలు జనానికి కూడా డబ్బు తీసుకుని, రేసు కారులో కూర్చోబెట్టి నాలుగు చుట్లు తిప్పిస్తారు. ఇంట్లో కూర్చుని చేసేదేముందని బయల్దేరాను.

ఫోర్ట్‌వర్త్ ఊరికి ఉత్తరాన పెద్ద రోడ్డు పక్కన ఉంది ఆ ట్రాకు. పేరు టెక్సస్ మోటార్ స్పీడ్‌వే. బయటి నుంచి చూస్తే క్రికెట్ స్టేడియంలాగే ఉంటుంది, కాకపోతే అలాంటివి పదో పన్నెండో ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టు. ట్రాకు కింద సొరంగం ఉంది. అందులోంచి కారు వెళ్ళి మధ్య మైదానంలో తేలింది. దిగి చుట్టూ చూస్తే... మనం బాణలి అడుగున ఉన్నాం, చుట్టూరా రోడ్డు గోడలా లేచి ఉంది! మలుపుల దగ్గర ఆ తారురోడ్డు పక్కకి ఎంత వాలి ఉందంటే, ఒక కారు అక్కడ నెమ్మదిగా పోతుంటే అది జారి కిందికి వచ్చేస్తుందేమోనని నాకే భయం వేసింది.

దీన్నే ఓవల్ ట్రాకు అంటారు. కోడిగుడ్డు ఆకారం. ఒకేవైపు, ఎప్పుడూ ఎడమచేతి వైపే తిరుగుతూ పోవాలి. "గానుగెద్దులా తిరగడంలో ఏముంది సరదా?" అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. కానీ చిన్నప్పుడు జాతరలో చెక్కబావిలో మోటారు సైకిలు తిప్పేవాణ్ణి గుర్తు చేసుకోండి. పైన గట్టు మీద నిలబడి, ఊపిరి బిగబట్టి చూసిన వాళ్ళమే కదా మనమంతా. అక్కడా వాడు తిరిగింది గుండ్రంగానే.

ఈ వాలు సంగతి రైలు ఎక్కే ప్రతివాడికీ తెలిసినదే, గమనించి ఉండరు, అంతే. ఈసారి మన స్టేషన్లో హుబ్బళ్ళి బండి ఎక్కినప్పుడు, లైను ఎక్కడ వంపు తిరుగుతుందో అక్కడ చూడండి. బయటి పట్టా లోపలి పట్టాకంటే ఎత్తులో ఉంటుంది. బండి వంపు తిరిగేటప్పుడు బయటికి తోసే శక్తిని ఈ వాలు కొంత మింగేస్తుంది. మన బ్రాడ్‌గేజ్ లైన్లలో ఆ ఎత్తు మహా అయితే 165 మిల్లీమీటర్లు. లెక్క కడితే వాలు ఐదారు డిగ్రీలు. టెక్సస్‌లో నేను చూస్తున్న మలుపు వాలు 24 డిగ్రీలు. సండూరు వైపు నుంచి ఖనిజం లారీలు వచ్చే రోడ్డు అలా వాలి ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

నా చిన్నతనంలో నేను చూసిన మోటారు పందేలకు ఈ వాలు లేదు. మాది నెల్లూరు వైపు. మా చిన్నాన్న ఒకసారి మద్రాసు రోడ్డు మీద షోలవరం తీసుకెళ్ళాడు. రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే అది. యుద్ధం అయ్యాక విమానాలు పోయాయి, మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వాళ్ళు దాని మీద ఏటేటా పందేలు పెట్టారు. చదునైన నేల, డ్రమ్ములు, గడ్డిమోపులు, కాలిన నూనె వాసన, చెవులు చిల్లులు పడే మోత. దుమ్ముకొట్టుకుపోయి ఇంటికొస్తే మా పిన్ని ఇద్దరికీ కలిపి చీవాట్లు పెట్టింది. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో క్లబ్బు సొంత ట్రాకు వచ్చాక షోలవరం చరిత్రలో కలిసిపోయింది. కొత్తదీ వంకరటింకర మలుపుల ట్రాకే, ఓవల్ కాదు. అసలు పందేల కోసం కట్టిన పెద్ద ఓవల్ మన దేశంలో లేదు. ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో 2021లో 11.3 కిలోమీటర్ల ఓవల్ ఒకటి తెరిచారు గానీ, అది కంపెనీలు తమ బళ్ళను పరీక్షించుకోవడానికి.

లోకంలో ఈ వాలు ట్రాకులకు మూలపురుషుడు ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్. 1907లో కాంక్రీటుతో కట్టారు, 1939లో యుద్ధంతో మూతపడింది. తరువాతిది అమెరికాలో ఇండియానాపొలిస్. 1909లో మొదలు. ఆ ఏడాదే నేలంతా పెళ్ళలు లేచిపోయి జనం చచ్చిపోతే, 32 లక్షల ఇటుకలు పరిచారు. దాని వాలు తొమ్మిది డిగ్రీల పైచిలుకు మాత్రమే. ఆ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

సరే, అసలు విషయానికి వస్తాను.

టెక్సస్ ట్రాకు పాతకాలంది కాదు. బ్రూటన్ స్మిత్ అని నార్త్ కరోలినా వ్యాపారి ఒకాయన 1995లో పని మొదలుపెట్టాడు. ఆయనకు అప్పటికే షార్లట్‌లో ఇలాంటిది ఉంది. దాదాపు 25 కోట్ల డాలర్లు పోసి, లక్షన్నరమంది కూర్చునేలా కట్టించాడు. రెండేళ్ళలో తయారైంది. మన దగ్గర రెండేళ్ళలో కల్వర్టు పూర్తయితే పాయసం వండుకుంటాం.

అయితే హడావుడి పని హడావుడి పనే. 1997 ఏప్రిల్ 6న మొదటి పెద్ద పందెం. మొదటి చుట్టులో, మొదటి మలుపులోనే కార్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నేలలోంచి నీళ్ళు ఊరి తారుపైకి వచ్చేవి. ఇంకో తమాషా, రెండు రకాల కార్లకూ పనికి రావాలని ఒకే మలుపులో రెండు వాలులు పెట్టారు, పైన 24 డిగ్రీలు, కింద 8. ఇద్దరినీ మెప్పించబోయి ఎవరినీ మెప్పించలేకపోయారు. 1998 పందెం తరువాత మొత్తం తవ్వి ఒకే వాలుగా మార్చారు. ఆ మొదటి సంవత్సరమే జూన్‌లో ఇండీ కార్ల పందెంలో చుట్ల లెక్క తప్పి, గెలవనివాడికి కప్పు ఇచ్చారు. అసలు గెలిచిన లయెండైక్ వచ్చి ఇదేమిటని అడిగితే, కప్పు అందుకున్న జట్టు యజమాని ఫాయిట్ (ఒకప్పటి మహా రేసరు!) అందరి ముందూ ఆయన్ని చెంప మీద కొట్టాడు. మర్నాడు లెక్క సరిచేసి లయెండైకే విజేత అన్నారు. ఫాయిట్ కప్పు మాత్రం తిరిగి ఇవ్వలేదు. ఇది మా అల్లుడు చెబుతుంటే, ఫలానా ఏడాది మన సంక్రాంతి ముగ్గుల పోటీలో మార్కుల గొడవ గుర్తుకొచ్చి నవ్వు ఆగలేదు. ఎవరిదో రాయను, ఇద్దరూ ఈ పత్రిక చదువుతారు.

ఇక నేను చెప్పదలచుకున్నది 2001 సంగతి.

అప్పట్లో అమెరికాలో ఆ రకం పొడవాటి, చక్రాలు బయటికుండే కార్లకు రెండు కూటములుండేవి. ఒక్కటిగా ఉన్నది 1996లో చీలింది. సంఘాలు చీలడం గురించి తెలుగువాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు. టెక్సస్‌లో అప్పటిదాకా పరుగెత్తింది కాస్త తక్కువ శక్తి ఉన్న కూటమి కార్లు. రెండో కూటమి పేరు కార్ట్. వాళ్ళ ఇంజన్లు తొమ్మిది వందల హార్స్‌పవర్ దరిదాపులవి. మన పాత మారుతి 800 శక్తి నలభైకి లోపే. ఈ కార్ట్ వాళ్ళు 2001 ఏప్రిల్ 29, ఆదివారం నాడు మొదటిసారి ఆ ట్రాకు మీద పందెం పెట్టారు. 600 కిలోమీటర్లు, అంటే దాదాపు 250 చుట్లు.

శుక్రవారం ప్రాక్టీసు. వేగం గంటకు 230 మైళ్ళు దాటింది. శనివారానికి 236 మైళ్ళు. అంటే గంటకు 380 కిలోమీటర్లు! ఒక చుట్టు తిరగడానికి ఇరవైమూడు సెకన్లు కూడా పట్టడం లేదు. శుక్రవారమే బ్రెజిల్ డ్రైవరు మారీసియో గుజెల్మిన్ రెండో మలుపులో గోడను కొట్టాడు. కారులో ఉన్న పరికరం లెక్క ప్రకారం మొదటి దెబ్బ 66 జి, రెండోది 113 జి. "జి" అంటే మన బరువు ఎన్ని రెట్లు అయిందనే కొలత. ఆ మనిషి బతికి బయటపడ్డాడు, పందెం నుంచి తప్పుకున్నాడు.

కానీ అసలు ప్రమాదం గోడలో లేదు. మామూలుగా మలుపు తిరిగేటప్పుడు కూడా ఆ వేగానికి, ఆ వాలుకు డ్రైవరు ఒంటిమీద ఐదు జికి పైగా పడుతోంది. డెబ్బై కిలోల మనిషి మూడువందల యాభై కిలోలవుతాడన్నమాట. తలా హెల్మెటూ కలిపి ఆరేడు కిలోలుంటే, మెడ ముప్పై కిలోల పైచిలుకు మోయాలి. అదీ క్షణకాలం కాదు, ఒక చుట్టులో దాదాపు పద్దెనిమిది సెకన్లు. కాస్త ఊపిరి పీల్చుకునేలోగా మళ్ళీ మలుపు. అమెరికా వాళ్ళ స్పేస్ షటిల్ పైకి లేచేటప్పుడు వ్యోమగాములకు పడేది మూడు జి. యుద్ధవిమానం నడిపేవాళ్ళకు ఇంతకంటే ఎక్కువే పడుతుంది, కానీ కొద్ది సెకన్లు, పైగా వాళ్ళకు రక్తం కాళ్ళలోకి దిగిపోకుండా బిగించే ప్రత్యేకమైన దుస్తులుంటాయి. ఈ డ్రైవర్లకు ఉన్నది మామూలు రేసు బట్టలు. పందెం రెండు గంటలు.

కార్ట్ వాళ్ళ వైద్యాధికారి పేరు డాక్టర్ స్టీవ్ ఓల్వీ. ఒకరిద్దరు డ్రైవర్లు ఆయన దగ్గరికి వచ్చి, కారు దిగాక తల తిరుగుతోందని, కాసేపు సరిగా నడవలేకపోయామని చెప్పారు. ఎవరికివారు ఇది తన ఒక్కడి బలహీనతే అనుకుని నోరు మెదపని రకం వాళ్ళంతా. రేసు డ్రైవరు నాకు కళ్ళు తిరుగుతున్నాయని చెప్పడమంటే, నాకు తెలిసినంతవరకు, మిల్లులో రోలరు నాకు వేడి పడదని చెప్పడంతో సమానం. ఓల్వీ శనివారం డ్రైవర్ల సమావేశంలో అందరినీ ఒకేసారి అడిగాడు. ఇరవై ఐదుమందిలో ఇరవై ఒక్కరు తమకూ అలాగే అయిందన్నారు.

ఆ రాత్రి ఓల్వీ, నాసాలో పనిచేసిన డాక్టర్ రిచర్డ్ జెన్నింగ్స్‌ను సంప్రదించాడు. మనిషి శరీరం ఇంత భారాన్ని ఇంతసేపు తట్టుకోలేదన్నది ఆయన అభిప్రాయం. స్పృహ తప్పవచ్చు. 380 కిలోమీటర్ల వేగంతో పోయే కారులో, పక్కన ఇంకో ఇరవై కార్లుండగా. ఇంజన్ల శక్తి తగ్గిద్దామా, రెక్కలు మారుద్దామా అని చూశారు. ఒక రాత్రిలో అయ్యే పని కాలేదు.

ఆదివారం పొద్దున జనం వచ్చేశారు. అరవై వేల టిక్కెట్లు అమ్ముడయ్యాయి. టీవీ వాళ్ళు సిద్ధం. స్పాన్సర్ల బ్యానర్లు కట్టేశారు. పందెం మొదలుకావడానికి ఇంకా రెండు గంటలుందనగా, కార్ట్ అధ్యక్షుడు జోసెఫ్ హైట్జ్లర్ మైకు ముందుకొచ్చి పందెం జరగదని చెప్పాడు.

మధ్య మైదానంలో నిలబడి మా అల్లుడు ఈ కథ చెబుతుండగా, పక్కన ఆయన ఆఫీసు స్నేహితుడు హెల్మెట్ పెట్టుకుని కారు కిటికీలోంచి దూరుతున్నాడు. నాకు మాత్రం ట్రాకు కనిపించడం మానేసింది. వేరే ఒక చోటు కనిపించింది.

ఇక్కడికి రాకముందు నేను వేరే రాష్ట్రంలో ఒక బార్ మిల్లులో చేశాను. పేరు అవసరం లేదు. బిల్లెట్ ఫర్నేసులోంచి ఎర్రగా బయటికొచ్చి ఒక స్టాండులోంచి ఇంకో స్టాండులోకి దూరుతూ, సన్నబడుతూ, వేగం పుంజుకుంటూ పోతుంది. ఎక్కడైనా దారి తప్పిందా, ఎర్రటి పాములా గాల్లోకి లేస్తుంది. దాన్ని మా మిల్లు భాషలో కాబుల్ అంటాం. మన టౌన్‌షిప్‌లో సగంమంది ఇళ్ళలో ఈ మాట తెలిసినవాళ్ళున్నారు.

ఆ రాత్రి షిఫ్టు ఇన్‌ఛార్జిని నేను. తెల్లవారుజామున నాలుగున్నర అయివుంటుంది. శ్రీకాకుళం జిల్లా కుర్రాడు ఒకడు, పాతికేళ్ళు నిండలేదు, నా దగ్గరికి వచ్చి "సార్, గైడు అదురుతోంది. ఒక్కసారి ఆపి చూద్దుమా?" అన్నాడు. నేను గైడు వైపు చూడలేదు, గడియారం వైపు చూశాను. ముందు రోజు రాత్రి షిఫ్టు వాళ్ళ టన్నుల లెక్క బోర్డు మీద ఉంది. ఇంకో పాతిక బిల్లెట్లు పోతే మేం దాన్ని దాటుతాం. "ఆరింటికి షిఫ్టు మారుతుంది కదా, వాళ్ళు చూసుకుంటారు. కానీయ్" అన్నాను.

ఇరవై నిమిషాలకు కాబుల్ లేచింది. ఆ కుర్రాడి కుడికాలు మోకాలి కింద నుంచి కాలింది. నాలుగు నెలలు ఆస్పత్రిలో ఉన్నాడు. ఇప్పటికీ కాస్త కుంటుతాడు.

లాగ్‌బుక్కులో నేను రాసింది ఒకటే వాక్యం: గైడు వదులై కాబుల్, ఒకరికి కాలిన గాయాలు. ముందే అతను వచ్చి చెప్పాడని రాయలేదు. నన్నెవరూ అడగలేదు. అతనూ ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా ఈ సంగతి డాలస్ నుంచి వచ్చాకే చెప్పాను. ముప్పై ఏళ్ళ తరువాత. ఆమె ఏమీ అనలేదు, రెండు రోజులు మాత్రం నాతో సరిగా మాట్లాడలేదు. ఈ కాలమ్ రాయమన్నదీ ఆమే. ఎంతసేపూ అమెరికా వింతలేనా, అది కూడా రాయండి అంది.

ఆ హైట్జ్లర్‌ను ఎవరైనా మెచ్చుకున్నారా అంటే, ఆ రోజైతే లేదు. ట్రాకు యాజమాన్యం మండిపడింది. వాళ్ళ కోపంలోనూ న్యాయముంది. 2000 డిసెంబరులో కెన్నీ బ్రాక్ ఒక్కడు కారు నడిపి చూశాడు, ఇంకా ఎక్కువ కార్లతో పరీక్షించమని మేం అడిగితే మీరే అక్కర్లేదన్నారు, అన్నది వాళ్ళ వాదన. పది రోజులు తిరక్కుండా దావా వేశారు. అదే సంవత్సరం అక్టోబరులో కార్ట్ పెద్ద మొత్తమే చెల్లించి రాజీ చేసుకుంది. ఆ దెబ్బ నుంచి ఆ సంస్థ కోలుకోలేదు. 2003 చివరికి దివాలా తీసింది, 2008లో మిగిలినదంతా రెండో కూటమిలో కలిసిపోయింది. నన్నడిగితే, కార్ట్ తప్పు ఆదివారం నాడు పందెం ఆపడం కాదు, డిసెంబరులో సరిగా చూడకపోవడం. గైడు అదిరినప్పుడు ఆపితే పది నిమిషాల నష్టం. ఆ పది నిమిషాలు ముందే పెట్టుకోకపోతే ఎంత నష్టమో వాళ్ళకూ తెలిసింది, నాకూ తెలిసింది.

అదే కార్ట్ వాళ్ళు ఆ సంవత్సరమే సెప్టెంబరు 15న జర్మనీలో లౌసిట్జ్ అనే కొత్త ఓవల్ మీద పందెం పెట్టారు. పాత బొగ్గు గని నేలలో కట్టిన ట్రాకు అది. అందులో అలెక్స్ జనార్డీ అనే ఇటలీ డ్రైవరు రెండు కాళ్ళూ పోగొట్టుకున్నాడు. తరువాత చేత్తో తొక్కే సైకిలు మీద పారాలింపిక్స్‌లో స్వర్ణ పతకాలు గెలిచాడు. కాబట్టి టెక్సస్ పందెం ఆగి ఉండకపోతే ఏమయ్యేదో అని వాదించేవాళ్ళకు నా దగ్గర జవాబు అదొక్కటే.

ఓవల్ వాలు మన దేశపు కుర్రవాడి కథలోకి కూడా ఒకసారి వచ్చింది. ఇక్కడ కోయంబత్తూరు సంగతి కొంచెం చెప్పాలి. ఆ ఊరి నాయుళ్ళు మనలాంటివాళ్ళే. మనకు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. వాళ్ళకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మనం వచ్చి ఒకటి రెండు తరాలు, వాళ్ళు వెళ్ళి కొన్ని వందల ఏళ్ళు. 1910లో లక్ష్మీ మిల్స్ పెట్టిన కుప్పుస్వామి నాయుడుగారి మనవడు కరివర్ధన్‌కు నూలు కంటే రేసు కార్ల మీద మక్కువ. విదేశీ కారు కొనే స్తోమత ఉన్నవాళ్ళకే ఆటగా ఉన్న రేసింగ్‌ను మామూలువాళ్ళకు అందించాలని, మారుతి ఇంజను పెట్టి ఫార్ములా మారుతి అనే చిన్న రేసు కారు తయారు చేశాడు. 1995లో చిన్న విమానం కూలి చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు నలభై ఒకటి. ఆయన పేరుతో 2003లో కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో కరి మోటార్ స్పీడ్‌వే వెలిసింది. కట్టించినది బి. విజయ్‌కుమార్, ఆయనా పూర్వం రేసరే. పేరులో స్పీడ్‌వే ఉందిగానీ అది ఓవల్ కాదు. రెండు కిలోమీటర్ల పైచిలుకు వంకరల ట్రాకు.

ఆ కోయంబత్తూరు నుంచే నరేన్ కార్తికేయన్ వచ్చాడు. 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన మొదటి భారతీయుడు. ఆ ఏడాది జూన్ 19న అమెరికా పందెం. ఎక్కడో గుర్తుందా? ఇండియానాపొలిస్‌లో. ఫార్ములా వన్ కోసం మధ్యలో వంకరల రోడ్డు వేసినా, ఓవల్‌లోని ఒక వాలు మలుపును మాత్రం అలాగే వాడుకున్నారు. శుక్రవారం ప్రాక్టీసులో ఆ మలుపులోనే రాల్ఫ్ షూమాకర్ కారు టైరు పగిలి గోడను కొట్టింది. మిషెలిన్ కంపెనీ వాళ్ళు పరీక్షించి, మా టైర్లు ఆ వాలు మీద పందెమంతా నిలవవు అని స్వయంగా చెప్పారు. వేగం తగ్గేలా అక్కడ అడ్డు మలుపు పెట్టమన్నారు. నిర్వాహకులు ఒప్పుకోలేదు. ఆదివారం ఇరవై కార్లు వరసలోకి వచ్చాయి, ఒక చుట్టు తిరిగాయి, మిషెలిన్ టైర్లున్న పద్నాలుగు కార్లు లోపలికి వెళ్ళిపోయాయి. మిగిలినవి ఆరు. జనం సీసాలు విసిరారు, ఈలలు వేశారు. ఆ ఆరింటిలో ఒకటి మన నరేన్‌ది. నాలుగో స్థానం, ఐదు పాయింట్లు. భారతీయుడికి ఫార్ములా వన్‌లో మొట్టమొదటి పాయింట్లు అవి.

ఆ రోజు టీవీలో చూసి మా ఇంట్లో చప్పట్లు కొట్టిన మాట నిజం. ఆరుగురిలో నాలుగోవాడేగా అని మా బావగారు వెటకారం చేసిన మాటా నిజం. బావగారికి నేనప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడైతే నరేన్ ఎన్నోవాడన్నది కాదు, నా సరుకు ఇవాళ పనికిరాదు అని లోకం ముందు ఒప్పుకున్న ఆ టైర్ల కంపెనీ గురించి మాట్లాడేవాణ్ణి. వాళ్ళు ప్రేక్షకుల టిక్కెట్ల డబ్బు తిరిగి ఇవ్వడమే కాక, మర్నాటి సంవత్సరానికి ఇరవై వేల టిక్కెట్లు కొని ఇచ్చారు.

అన్నట్టు, నరేన్ ఆ తరువాత అసలు సిసలు ఓవల్ మీద కూడా నడిపాడు. 2010 మార్చిలో వర్జీనియాలోని మార్టిన్స్‌విల్, అర మైలు బుల్లి ట్రాకు, అమెరికా వాళ్ళ ట్రక్కుల పందెం. పదమూడో స్థానం. ఆ సంవత్సరం ఆ పందేల్లో ప్రేక్షకులు ఎక్కువమంది ఓట్లేసి మెచ్చిన డ్రైవరు అతనే.

టెక్సస్ ట్రాకు 2017లో ఇంకోసారి మారింది. మొదటి రెండు మలుపుల వాలు 24 నుంచి 20 డిగ్రీలకు తగ్గించారు, వెడల్పు 60 అడుగుల నుంచి 80 చేశారు, నీళ్ళు పోయే కాలువలు మళ్ళీ వేశారు. ఇండీ కార్లు అక్కడ చివరిసారి పరుగెత్తింది 2023 ఏప్రిల్‌లో. నేను చూస్తుండగా మా అల్లుడి స్నేహితుడు నాలుగు చుట్లు తిరిగి వచ్చి కారులోంచి దిగాడు. ఎలా ఉందని అడిగితే, మాట రాక బొటనవేలు పైకెత్తి, పక్కనున్న గోడ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. అతను నడిపిన వేగం ఆ కార్ట్ వాళ్ళ వేగంలో సగం కూడా ఉండదు.

మిల్లు కుర్రాడి సంగతి. కుర్రాడేమిటి, ఇప్పుడు అతనికి ఇద్దరు మనవలు. సొంత ఊళ్ళో చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. ఏటా సంక్రాంతికి ఫోన్ చేస్తాడు. ఇన్నేళ్ళలో ఆ రాత్రి గురించి ఇద్దరం ఒక్కసారీ మాట్లాడుకోలేదు. ఈ సంక్రాంతికి ఫోన్ చేసినప్పుడు నేనే టెక్సస్ కథంతా చెప్పాను. ఆ తరువాత, "ఆ రోజు నువ్వు ఆపమన్నావయ్యా. నేను ఆపలేదు. లాగ్‌బుక్కులోనూ రాయలేదు" అన్నాను.

అవతల చాలాసేపు మాట లేదు. కొట్లో ఎవరో చక్కెర అడుగుతున్నారు. అతను తూచి ఇచ్చి, చిల్లర లెక్కపెట్టి, మళ్ళీ ఫోన్ తీసుకున్నాడు.

"బాబూ, మరి ఆ అరవై వేలమందికీ టిక్కెట్ డబ్బులు తిరిగిచ్చారా?" అన్నాడు.

"ఇచ్చారయ్యా" అన్నాను.

"అయితే మంచిదే" అన్నాడు. తరువాత మా ఆవిడ ఆరోగ్యం గురించి అడిగాడు.